ఈగకు గట్టు తెలుస్తదా?

2014 మే నుంచి యూరప్ దేశాలు మన మామిడిని బంద్ పెట్టినయి. కాకర, పొట్ల, వంకాయ, చేమ గూడ దాంతోనే. అంతకు ముందటేడు మన దేశం నుంచి పోయిన 207 లోడులల్ల పండుఈగ, వేరే పురుగులు దొరికినయని వాళ్ల లెక్క. మామిడి మీద బంద్ 2015ల తీసేసిన్రు. ఎగుమతి చేసేటోళ్లు కాయను 48 డిగ్రీల వేడినీళ్లల్ల గంటసేపు ఉంచుడు నేర్చుకున్నరు. సర్కారు దృష్టిల కథ అక్కడికి ఒడిసింది.

గాని ఈగ పుట్టేది ప్యాక్ హౌస్‌ల కాదు, తోటల. ఆడ ఈగ ముదురుతున్న కాయను పొడిచి తోలు కింద గుడ్లు పెడ్తది. పురుగు గుజ్జు తింటది, కాయ రాల్తది, పురుగు మట్టిల దూరి మళ్ల ఈగై లేస్తది. పురుగు లోపలుంటే పైన కొట్టిన మందు ఏం చేస్తది? రాలిన కాయను ఎప్పటికప్పుడు ఏరి లోతుగ పాతిపెట్టాలె, అదే అసలు మందు.

మరి ఏరేదెవరు? మన దిక్కు చానా తోటలు పూత మీదనే గుత్తకు పోతయి. కింద పడ్డది గుత్తదారుదే అని రైతు అంటడు. పనికిరాని కాయకు కూలి ఎందుకు పెట్టాలె అని గుత్తదారు అంటడు. ఆయనకు ఈ ఒక్క కాతే లెక్క, వచ్చేటేడు ఈగతోని ఆయనకేం పని? కాయ అక్కడనే మురుగుతది. మిథైల్ యూజినాల్ ఎరబుట్టలు పెడితే మగ ఈగలు పడ్తయి, నిజమే. నేను పెట్టి పక్కాయన పెట్టకపోతే, ఈగకు గట్టు తెలుస్తదా?

ఇది ఆసియా ఈగ. 2003ల కెన్యాల కనబడి ఆఫ్రికా అంతట పాకింది. 2014ల కెన్యా తనంతట తనే యూరప్‌కు మామిడి పంపుడు ఆపింది, 2021ల మళ్ల మొదలువెట్టింది. ఆ నడుమ మకువేని దిక్కు ఈగ తక్కువుండే ప్రాంతాలు తయారుచేసుకునే పని పెట్టుకున్నరు. ఒక్క తోట కాదు, ఇలాకకు ఇలాక.

మాది పసుపు దిక్కు. 2019ల 178 మంది రైతులు పార్లమెంటుకు నామినేషన్లు ఏస్తే దేశమంతా ఇటు సూసింది, ఆఖరికి 2025ల నిజామాబాద్‌కు బోర్డు ఆఫీసు వచ్చింది. జగిత్యాల మామిడి రైతు దిక్కు ఎవరు సూస్తున్నరు? చల్గల్ మార్కెట్ల పురుగు లేని కాయకు వేరే రేటు కట్టాలె, లేకుంటే ఎరబుట్ట ఖర్చు రైతు ఎందుకు పెట్టుకుంటడు? హార్టికల్చరోళ్లు బుట్టలిస్తే ఒక్కొక్క రైతుకు కాదు, ఊరు మొత్తానికి ఒక్కసారి ఇయ్యాలె. గుత్త కాయితంల గూడ ఒక్క ముచ్చట రాసుకోవాలె: రాలిన కాయ ఏరే కూలి ఎవరిది? పూత రాకముందే తేల్చుకోవాలె.