బొంతలూ, బగ్గులూ, మధ్యలో ఇల్లు

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ ఉందన్నమాటే గానీ దాని మీద భోంచేసి నెల దాటింది. ఒక చివర కుట్టుమిషను, ఇంకో చివర ఇస్త్రీపెట్టె, మధ్యలో గుడ్డముక్కల గుట్టలు. మొన్న మావాడు కంచం పట్టుకుని సోఫా వైపు వెళ్తూ "అమ్మా, ఇది అన్నం తినే టేబులా, నీ ఆఫీసా?" అన్నాడు. నవ్వేశాను గానీ ఎక్కడో గుచ్చుకుంది.

ఇక్కడ అమెరికాలో క్విల్ట్ అంటారు, మనకి బొంత. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో దూది పొర, కింద అస్తరు, మూడింటినీ పట్టి ఉంచే కుట్లు. మా అమ్మమ్మ బొంతల్లో దూది ఉండేది కాదు. మెత్తబడ్డ పాత నేత చీరలు మడతలు వేసి, చాప మీద పరిచి, దబ్బనంతో కుట్టేది.

మనలాంటి వాళ్ళకి ఈ పిచ్చి తేలిగ్గా పడుతుందని నా అనుమానం. అంతా లెక్కే. 5 అంగుళాల ముక్కలు పావు అంగుళం కుట్టుతో కలిపితే ఒక్కోటీ 4.5 అంగుళాలకి వస్తుంది. అడ్డంగా 8, నిలువుగా 10 పెడితే 36 x 45, చంటిపిల్లల బొంతకి సరిపోతుంది. కుట్టు ప్రతి ముక్కలోనూ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పడిందనుకోండి, పది ముక్కల వరస చివరికొచ్చేసరికి అంగుళం పైనే తగ్గిపోతుంది. రౌండింగ్ ఎర్రర్ అంటే ఏంటో కాలేజీలో కంటే ఇక్కడే బాగా అర్థమైంది నాకు :)

అసలు గొడవ లెక్కల్లో కాదు, మొదలుపెట్టడంలో. కొత్త బొంత మొదలుపెట్టడమంత సుఖం ఇంకోటి లేదు. రంగులు ఎంచుకోవచ్చు, తప్పులింకా జరగలేదు. పోయిన నెల అల్మరా సర్దుతుంటే సగంలో ఆగినవి 6 తేలాయి. అందులో ఒకటి స్నేహితురాలి పాపాయి కోసం మొదలెట్టింది. ఆ పాపాయి ఇప్పుడు బడికి వెళ్తోంది.

ఎవరన్నా అడిగితే "టైం ఎక్కడుందండీ" అంటాను. ఆఫీసు, ఆన్‌కాల్, వంట, పిల్లాడి హోంవర్కు. ఇదంతా నిజమే గానీ పూర్తి నిజం కాదు. 1961లో జాన్ లిటిల్ అనే ఆయన నిరూపించిన సూత్రం ఒకటుంది, మనలో చాలామంది కాన్‌బాన్ క్లాసులో వినే ఉంటారు. చేతిలో ఉన్న పనుల సంఖ్యని పూర్తి చేసే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. ఏడాదికి నేను పూర్తి చేసేవి 2. చేతిలో 6 ఉంటే ఒక్కోదానికీ 3 ఏళ్ళు. చేతిలో 2 మాత్రమే ఉంచుకుంటే అదే వేగంతో 1 ఏడాది. నేను ఒక్క నిమిషం ఎక్కువ కుట్టక్కర్లేదు! ఆఫీసులో టీముకి ఇదే పాఠం చెప్పే నేను, ఇంట్లో మాత్రం గుడ్డల కొట్టు కనపడితే చాలు, ఏడోది మొదలెట్టేస్తాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. "అమ్మమ్మ ఇంత పనిలోనూ బొంతలు కుట్టేది" అని ఆమెని ఆదర్శంగా చెప్పుకోవడం మనకి అలవాటు. నాకిది నచ్చదు. ఆమెకది హాబీ కాదు, చలికి కప్పుకోడానికి వేరే దారి లేక. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఆమె కుట్టేది. అలిసిపోయావా అని ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. నాకు దొరికే శనివారం రెండు గంటలు మా ఆయన గిన్నెలు తోమితే వచ్చినవి. ఆయన ఆదివారం క్రికెట్‌కి పోతే అది విశ్రాంతి, నేను మిషను ముందు కూర్చుంటే అది కాలక్షేపమా అని మేమిద్దరం ఒకసారి గట్టిగానే పోట్లాడుకున్నాం. ఆ పోట్లాట జరక్కుండా ఏ హాబీ అయినా ఇంట్లో నిలవదని నా అభిప్రాయం.

ఆ ఆరింటిలో ఆరోది అమ్మమ్మ చీరలు. ఆమె పోయాక అమ్మ నాలుగు చీరలు నా సూట్‌కేసులో పెట్టి "బొంత కుట్టి పంపవే" అంది. మొదటి ఏడాది ఫోన్లో రెండుసార్లు అడిగింది. తర్వాత అడగటం మానేసింది. దీనికి మాత్రం టైం సాకు కూడా చెల్లదు. అంచుల దగ్గర గీతలు గీసి ఉన్నాయి, కొయ్యడమే మిగిలింది. కోడు తప్పయితే వెనక్కి తిప్పొచ్చు, కోసిన చీరని తిప్పలేం. ఆ భయాన్నే నేను ఇన్నేళ్ళూ "బిజీ" అని పిలిచాను.

అందుకని కొత్త పద్ధతి. ఒకేసారి రెండే. మిగతా నాలుగూ పెట్టెల్లోకి, ఒక్కోదాని మీదా తర్వాత చెయ్యాల్సింది ఏంటో రాసిన చీటీతో. కమిట్ మెసేజ్ లాగా అనుకోండి. మిషనుకి పడగ్గది మూలన చిన్న బల్ల కొన్నాం, డైనింగ్ టేబుల్ అన్నానికే. వెతుక్కోడాలూ సర్దుకోడాలూ లేకపోతే రాత్రి ఇరవై నిమిషాలు కూడా పనికొస్తాయి.

పోయిన శనివారం మొదటి చీర కోశాను. కొంచెం వంకరపోయింది. అమ్మకి ఫొటో పంపిస్తే "మా అమ్మ కుట్టే వరసలూ వంకరే" అంది.

మీ ఇంట్లో సగంలో ఆగినవి ఎన్ని? గిటారో, తోటో, కథో... టైం లేదనే ముందు ఓసారి లెక్కపెట్టి చూడండి.