డాలరు మనకు కొత్త కాదు

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో పొద్దున రేటు పలకాలంటే రెండు లెక్కలు తేలాలి: బయటి మార్కెట్లో ఔన్సు ఎన్ని డాలర్లు, డాలరుకు ఎన్ని రూపాయలు. అక్కడ ధర కదలకపోయినా, రూపాయి తగ్గితే ఇక్కడ పెండ్లి గొలుసు ధర పెరుగుతుంది. పులివెందుల, జమ్మలమడుగు నుంచి కువైట్ పోయినోళ్లు దినారు రేటు చూసుకునే ఇంటికి డబ్బు పంపుతారు. ఇంత తెలిసిన సీమలో, 'ఫోన్లో ఫారెక్స్ (విదేశీ కరెన్సీ వ్యాపారం) ఆడు, నెలకే రెట్టింపు' అనే మాట నమ్మి పిల్లోళ్లు డబ్బు కడుతుంటే నాకు కడుపు మండుతుంది. డాలర్లు రావాల్సినోడికో, కట్టాల్సినోడికో రేటు మారితే నష్టం ఉంటుంది. దాన్నుంచి కాచుకోవడానికే ఎక్స్ఛేంజీల్లో రూపాయి-డాలరు కాంట్రాక్టులు. ఆ రెండూ లేనోడు ఆడేది ఉత్త పందెం. 2024 మే 3న అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెప్పేదీ ఇదే: నిజమైన విదేశీ లావాదేవీ ఉన్నోళ్లకే ఆ కాంట్రాక్టులు. అనుమతి లేని విదేశీ యాప్‌కు మార్జిన్ (పందేనికి ముందస్తు సొమ్ము) కడితే విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద ఆ సొమ్ముకు మూడింతల దాకా జరిమానా పడొచ్చు. కొత్తోళ్లు నేర్వాల్సిన కరెన్సీ విద్య వేరే ఉంది: డబ్బు పంపేటప్పుడు ఛార్జీ ఒక్కటే కాదు, రేటులో ఎంత కోత పెట్టారో చూడటం. నెలకే రెట్టింపు కాదు, నాటుకోడి పులుసు సన్నమంట మీద ఉడికినట్టే సొమ్మూ నిదానంగానే కూడుతుంది. ఏ యాప్‌కైనా రూపాయి కట్టేముందు రిజర్వు బ్యాంకు హెచ్చరిక జాబితా చూడండి. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.