మన ఫొటో ఎవరు తీయాలి?

 మేము ముగ్గురం ఆఫీసు గుమాస్తాలం. టైమ్ షీట్లు రాయడం, బతాకా రెన్యువల్ కాగితాలు సర్దడం, జీతాల లిస్టు టైపు కొట్టడం మా పని. ముగ్గురమూ ఇంటర్‌తోనే చదువు ఆపేసి వచ్చినవాళ్ళం. ఏసీ కింద కూర్చుంటారని మీరు మమ్మల్ని ఎగతాళి చేస్తారు. చేయండి, అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ రాత్రికి మేమూ అదే క్యాంపులో ఇనుప మంచం ఎక్కుతాం, అదే మెస్ పప్పు తింటాం. ఈ వారం జీతాల గురించీ, టికెట్ల గురించీ కాకుండా ఫొటోల గురించి రాద్దామనుకున్నాం. ఇదేం గొడవ అనుకోకుండా చివరిదాకా చదవండి.

2020లో కరోనా రోజులు గుర్తున్నాయి కదా. సైట్లు ఆగిపోయాయి, జేబులు ఖాళీ. అప్పుడు కొందరు మంచి మనసుతో మన క్యాంపుకు బియ్యం, నూనె, పప్పు సంచులు తెచ్చారు. వాళ్ళ పేరు రాయం, తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. ఆ సంచులు లేకపోతే చాలామంది పస్తులుండేవాళ్ళే. కానీ సంచితో పాటు కెమెరా కూడా వచ్చింది. ఒక్కొక్కరినీ నిలబెట్టి, సంచి పట్టుకోమని, ఇటు చూడమని ఫొటోలు తీశారు. వరుసలో జగిత్యాల పక్క నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా గల్ఫులో ఉన్న మనిషి, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసిన మనిషి. ఆ ఫొటో ఫేస్‌బుక్‌లోకి ఎక్కి, అక్కడి నుంచి వాట్సాప్‌లో పడి నాలుగో రోజుకు వాళ్ళ ఊరు చేరింది. బామ్మర్ది చూశాడు, భార్య చూసింది. ఫోన్ చేసి, "మాకు పైసలు పంపి నువ్వు అడుక్కుని తింటున్నవా" అని ఏడ్చిందట. తర్వాతి వారం సంచులు వచ్చినప్పుడు ఆయన గదిలోంచి బయటికి రాలేదు. మా వాటా ఆయనకు ఇచ్చాం, పుచ్చుకున్నాడు. కానీ ఆ ఫొటో మాట ఎత్తితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు.

ఇది ఒక రకం ఫొటో. ఇంకో రకం మనమే తీసుకుంటాం. శుక్రవారం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసి, సూర్ బీచ్ రోడ్డు మీద ఎవరిదో ల్యాండ్ క్రూజర్‌కు ఆనుకుని, పక్కవాడి నల్ల కళ్ళద్దాలు అడిగి పెట్టుకుని దిగే ఫొటో. వెనక అయ్‌జా లైట్‌హౌస్ పడాలి. మేమూ దిగాం, దాచడానికేముంది. ఊళ్ళో ఆ ఫొటో చూసిన కుర్రాడు రేపు ఏజెంటు దగ్గరికి వెళ్ళి అప్పు చేసి వీసా కొంటాడు. మొదటి ఫొటోలో మనం బిచ్చగాళ్ళం, రెండో ఫొటోలో మనం దొరలం. మనం మనలాగా ఉన్న ఫొటో ఎక్కడుంది? మీ ఫోన్లు తీసి వెతకండి. మేము వెతికాం, మా ముగ్గురి దగ్గరా కలిపి నాలుగో ఐదో దొరికాయి.

ఈ ఆలోచన మాకు ఊరికే రాలేదు. మాలో ఒకరిది జహీరాబాదు పక్క. అతని మేనత్త డీడీఎస్ సంఘంలో సభ్యురాలు. డీడీఎస్ అంటే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, 1983లో మొదలైంది, దాని కేంద్రం పస్తాపూర్‌లో. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ గారు మైసూరు మనిషి. అంతకు ముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా ఏళ్ళ తరబడి పనిచేశారు. కెమెరా పట్టడం, డాక్యుమెంటరీ తీయడం ఆయన సొంత విద్య. ఆయన తలుచుకుంటే ఆ పల్లెల పేదరికం మీద మంచి మంచి సినిమాలు తీసి ఢిల్లీలో చూపించి చప్పట్లు కొట్టించుకోగలిగేవారు. చాలామంది చేసేది అదే. సతీష్ గారు కెమెరాను కూలికి పోయే ఆడవాళ్ళ చేతికి ఇచ్చారు.

1996లో ఆ వీడియో శిక్షణ మొదలైంది. నేర్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది దళిత మహిళలు, చదువు రానివాళ్ళు, ఎవరి పొలంలోనో కలుపు తీసి కూలి తెచ్చుకునేవాళ్ళు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ, చిన్న నర్సమ్మ లాంటివాళ్ళు. చదువు రానివాళ్ళకు కెమెరా ఏమిటని నవ్వినవాళ్ళు తక్కువ ఉండరు. మనల్నే చూడండి, కంప్యూటర్ ముందు కూర్చున్న కొత్తలో మౌస్ పట్టుకోవడానికి మా చేతులు వణికాయి, మేము ఇంటర్ చదివినవాళ్ళం! ఆ అమ్మలు షూటింగ్ నేర్చుకున్నారు, ఎడిటింగ్ కూడా నేర్చుకున్నారు. తర్వాత కమ్యూనిటీ మీడియా ట్రస్టు పేరుతో వాళ్ళదే ఒక సంస్థ ఏర్పడింది.

మమ్మల్ని బాగా ఆకట్టుకున్నది ఒక చిన్న సంగతి. సినిమా వాళ్ళకు కెమెరా కోణాలకు ఇంగ్లీషు పేర్లుంటాయి. పై నుంచి కిందికి చూస్తే ఒకటి, కింద నుంచి పైకి చూస్తే ఒకటి, కంటికి ఎదురుగా పెడితే ఒకటి. ఆ అమ్మలకు ఇంగ్లీషు రాదు కనుక తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైకీ కిందికీ చూసే చూపుల్లో వాళ్ళకు కనిపించింది పటేలు, అతని దగ్గర పనిచేసే జీతగాడు. గద్దె మీద ఒకడు, నేల మీద ఒకడు. అందుకే పటేల్ షాట్ అన్న పేరు పుట్టింది. కంటికి సమానంగా పెట్టి తీసేదానికి సంఘం షాట్ అన్నారు. సంఘం మీటింగులో అందరూ చాప మీద ఒకే ఎత్తున కూర్చుంటారు కదా, అందుకని. సినిమా స్కూలు మెట్లెక్కనివాళ్ళు పెట్టిన పేర్లివి. మా క్యాంపుకు వచ్చిన ఆ బియ్యం సంచి ఫొటో ఏ షాటో మీకు వేరే చెప్పాలా?

వాళ్ళు తీసినవాటిలో పెద్ద పేరు తెచ్చింది వరంగల్ పత్తి రైతుల సినిమా. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. పురుగు పట్టదు, మందు ఖర్చు తగ్గుతుంది, దిగుబడి పెరుగుతుంది అని కంపెనీ ప్రచారం చేసింది. ఈ అమ్మలు కెమెరా పట్టుకుని వరంగల్ జిల్లాకు వెళ్ళి, విత్తు వేసినప్పటి నుంచి పంట చేతికొచ్చేదాకా అదే రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మొదట ఆశగా మాట్లాడిన రైతు చివరికి ఏం మాట్లాడాడో అదే ముఖంలో చూపించారు. 2003లో ఆ సినిమా వచ్చింది. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకు కోపం వచ్చిందన్నదే దాని పేరు. పట్నం విలేఖరి ఒక్కరోజు వెళ్ళి వస్తే ఆ మార్పు దొరకదు. వీళ్ళు అదే నేల మనుషులు, పత్తి చేనులో నిలబడి ఏం అడగాలో ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత 2007లో ఇంకో సినిమా కోసం దక్షిణాఫ్రికా, మాలి లాంటి దేశాల రైతుల దగ్గరికీ వెళ్ళారు. మనమూ పాస్‌పోర్టు తీసుకున్నాం, వాళ్ళూ తీసుకున్నారు!

దీనివల్ల బీటీ పత్తి ఆగిందా? ఆగలేదు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు మొదటి రకాలకు కేంద్ర కమిటీ అనుమతి పొడిగించలేదు, దాని వెనక రైతుల నష్టాల మీద వచ్చిన గొడవంతా ఉంది, ఈ సినిమా అందులో ఒక గొంతు. కానీ కొత్త రకాలు వచ్చాయి, ఇవాళ మన దగ్గర పత్తి అంటే దాదాపు అంతా బీటీయే. మీలో చాలామంది ఇళ్ళలో వేసేదీ అదే. కాబట్టి సినిమా ఒకటి తీస్తే లోకం మారిపోతుందని మేము చెప్పడం లేదు. మారింది ఇంకోటి. మా మిత్రుడి మేనత్త మాటల్లో అయితే, "ముందుగాల ఆఫీసరొస్తే మేం లేచి పక్కకు నిలబడేటోళ్ళం, ఇప్పుడు కూసోమని చెప్పి అడుగుతం." అవే ఊళ్ళలో జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనాలను ఇంటింటా దాచి, అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి తీసుకునే పద్ధతి నడిచింది. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఆ విత్తనాలు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది, దాన్ని నడిపినవాళ్ళు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ నర్సమ్మలే, అందుకే ముందు ఆ గుర్తు పేర్లు. పరికరాలు ఉన్నా లైసెన్సు కోసం వాళ్ళు ఏళ్ళ తరబడి ఆగాల్సి వచ్చింది. వీసా స్టాంపింగ్ కోసం ఆగిన మనకు ఆ బాధ తెలుసు.

సతీష్ గారు 2023 మార్చి 19న హైదరాబాదులో కన్నుమూశారు. అది ఐక్యరాజ్య సమితి ప్రకటించిన చిరుధాన్యాల సంవత్సరం. నలభై ఏళ్ళు ఆయన మొత్తుకున్నది ప్రపంచమంతా వినే ఏడాదిలోనే పోయారు.

పేదవాడి ఫొటో వల్ల మేలే జరగదని కాదు. అమెరికాలో లూయిస్ హైన్ అనే బడిపంతులు 1908 నుంచి మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల ఫొటోలు తీశాడు. లోపలికి రానివ్వకపోతే ఏదో వేషం చెప్పి దూరేవాడు, పిల్లల వయసు, ఎత్తు కాగితం మీద రాసుకునేవాడు. 1938లో అక్కడ బాల కార్మికుల మీద గట్టి చట్టం వచ్చిందంటే అందులో ఆ ఫొటోల పాత్ర ఉంది. ఆయనా బయటివాడే. కానీ ఆయన ఫొటోలో పిల్లవాడు మన కళ్ళలోకి సూటిగా చూస్తాడు, సంచి అందుకుంటూ తల వంచుకోడు.

ఇప్పుడు మన సంగతి. లక్ష్మమ్మకు కెమెరా దొరకడానికి ఒక సతీష్ గారు రావాల్సి వచ్చింది. మనకు ప్రతి జేబులోనూ ఫోనుంది. కానీ ఇక్కడ కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఒమన్‌లో 2011 సైబర్ చట్టం ప్రకారం ఒకరి అనుమతి లేకుండా ఫొటో తీసి వారి సొంత బతుకును బయటపెడితే జైలు, జరిమానా రెండూ పడవచ్చు. కాబట్టి అడగకుండా ఎవరినీ తీయకండి, ముఖ్యంగా ఇక్కడి ఆడవాళ్ళను, కుటుంబాలను. ఖల్హాత్ గ్యాస్ ప్లాంటు, ఎరువుల ఫ్యాక్టరీ, పోర్టు, పోలీసు స్థలాల దగ్గర ఫోను బయటికే తీయకండి. ఆవేశంలో ఫోర్‌మన్ మీద వీడియో చేసి ఊరంతా పంపే తమ్ముళ్ళకు మరీ మరీ చెబుతున్నాం, న్యాయం మీదైనా కేసు మీ మీదే పడవచ్చు.

ఎవరూ కాదనలేని ఫొటోలు కొన్ని ఉన్నాయి. మీ పాస్‌పోర్టు పేజీ, వీసా, బతాకా రెండు వైపులా, సంతకం పెట్టిన కాంట్రాక్టు, నెల నెలా జీతం చీటీ, మీ సొంత ఓటీ లెక్క. ఇవి తీసి భార్యకో, తమ్ముడికో పంపి ఉంచండి. 2023 కార్మిక చట్టం వచ్చాక మీరు రాసి ఒప్పుకుంటే తప్ప యజమాని మీ పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. అయినా ఎన్ని పాస్‌పోర్టులు ఎవరి బీరువాల్లో ఉన్నాయో గుమాస్తాలం మాకు తెలుసు. ఫిర్యాదు దాకా వెళ్ళినవాళ్ళలో కాపీ ఉన్నవాడి పని త్వరగా కదలడం, లేనివాడు మా టేబుల్ చుట్టూ తిరగడం రోజూ చూస్తున్నాం. ఫొటో అంటే ముందు మాకు గుర్తొచ్చేది ఇదే. గుమాస్తా బుద్ధి, ఏం చేస్తాం.

ఆ తర్వాత సంఘం షాట్లు. మన గది, మన పొయ్యి, తెల్లవారుజామున నాలుగు గంటలకు బస్సు కోసం కూర్చున్న మనుషులు, పడవలు కట్టే యార్డు దగ్గర చెక్క చెక్కే మన సాటి కూలీలు ఒప్పుకుంటే వాళ్ళు. ఊళ్ళో పిల్లలకు ఇవీ పంపుదాం. నాన్న ఎలా ఉంటాడో తెలిస్తే వాళ్ళకేం నామోషీ రాదు, వీసా కొనే కుర్రాడు కూడా ఒకసారి ఆలోచిస్తాడు.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేము ముగ్గురం మెస్ బయట ఉంటాం. కాగితాల ఫొటోలు తీయడం రానివాళ్ళు తెచ్చుకోండి, తీసి మీ ఫోన్లోనే పెట్టి ఇస్తాం, మా దగ్గర ఏదీ ఉంచుకోం. తమ గది ఫొటో తీయించుకోవాలనుకున్నవాళ్ళూ రావచ్చు. జగిత్యాల పెద్దాయనను అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. ఆయన మటన్ కూర వండుతున్నప్పుడు తీయాలట, గరిటె చేతిలో ఉండాలట, తిని చూసి ఉప్పు సరిపోయిందో లేదో కూడా మేమే రాయాలట.