ఒత్తుకి చోటివ్వండి బాబూ!

మామిడితోటల రెడ్డిగూడెం నుంచి ఓ కుర్ర పాఠకుడు రాశాడు: "గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుంటున్నాను. హైరార్కీ, వైట్ స్పేస్, లెడింగ్, యూఎక్స్ అంటూ బుర్ర తినేస్తున్నారు. సినిమాలు తప్ప మరేం తెలియని నాకు ఇవి వొంటబడతాయా?"

సినిమాలు తెలిస్తే సగం వచ్చినట్టే తమ్ముడూ!

కదిలే బస్సులోంచి గోడమీది పోస్టరు చూస్తావు. ముందు హీరో మొహం, తర్వాత టైటిలు, ఆపైన హాలు పేరు. కన్ను ఏ వరసలో పోవాలో ముందే నిర్ణయించడమే హైరార్కీ. అన్నీ పెద్దక్షరాలే అయితే ఏదీ పెద్దది కాదు సుమా! టైటిలు చుట్టూ వొదిలిన ఖాళీయే వైట్ స్పేస్. అది తెల్లగానే వుండనక్కర్లేదు, నల్లటి ఆకాశమైనా సరే. నలుపు మీద పసుపు కొట్టొచ్చినట్టు కనిపించడం కాంట్రాస్ట్.

బాపు తొలి చిత్రం 'సాక్షి' (1967)తో పబ్లిసిటీ రంగంలో అడుగుపెట్టిన ఈశ్వర్ గారు కంప్యూటర్లు లేని రోజుల్లో కుంచెతోనే ఇవన్నీ సాధించారు. 2021లో కన్నుమూశారు. ఆయన రాసిన 'సినిమా పోస్టర్' పుస్తకం దొరికితే వొదలకు.

ఇక లెడింగ్. లెడ్ అంటే సీసం. పాత ప్రెస్సుల్లో పంక్తుల మధ్య సీసపు పట్టీలు పెట్టేవారు. ఆ ఎడానికే ఆ పేరు. అసలు చిక్కంతా ఇక్కడే వుంది. ఇంగ్లీషుకి సరిపోయిన ఎడం మనకి చాలదు. మనకి పైన గుడి, కింద ఒత్తు! 'స్త్రీ' అని రాసి చూడు. ఇంగ్లీషు కొలతల్లో తెలుగుని కుక్కితే ఒత్తు కింది పంక్తి నెత్తినెక్కుతుంది, లేదా ఫోనులో బటను అంచున తెగిపోతుంది. అప్పుడు గద్ద కాస్తా గద, గుడ్డి కాస్తా గుడి!

యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్. 1990ల్లో యాపిల్ కంపెనీలో పనిచేసిన డొనాల్డ్ నార్మన్ ఈ మాటకి ప్రచారం తెచ్చాడు. టిక్కెట్ల యాప్‌లో కంటికి కనబడే రంగులూ బటన్లూ యూఐ. సీటు ఎంచుకుని, డబ్బు కట్టి, హాల్లో కూర్చునేదాకా నీకు కలిగిన సుఖమో చిరాకో యూఎక్స్.

టిక్కెట్టు తప్పితే ఒక ఆట పోతుంది, అంతే. కానీ అదే ఫోనులో మందు మోతాదు చూసుకునే రైతు, పింఛను వివరం చదువుకునే ముసలమ్మ వున్నారే, వాళ్లకి ఒత్తు తెగితే పనే తెగిపోతుంది. అంచేత ఇంగ్లీషు మాటలకి జంకకు. ఆ కొలతలు వేసినవాళ్లకి మన ఒత్తు తెలియదు, నీకు తెలుసు.

నీ మొదటి డిజైను మీ అమ్మమ్మకి చూపించు. ఎవర్నీ అడక్కుండా చదివేసిందా, నువ్వు పాసు!