శిక్షకు శిక్షణ అని పేరా?

మా హోసూరులో ఇప్పుడు వీధికి రెండు మూడు జాతి కుక్కపిల్లలైనా ఉన్నాయి. వాటి వెంటే క్రేటు అనే వస్తువు కూడా వచ్చింది. ఇనుప కమ్మీల పెట్టె, ముందొక తలుపు, దానికొక గొళ్ళెం. మన తెలుగులో దాన్ని బోను అంటాం. ఎలుకను పట్టేదీ బోనే, చిరుతను పట్టేదీ బోనే, కోర్టులో ముద్దాయి నిలబడేదీ బోనే. క్రేటు అంటే మాత్రం ఏదో మంచి బడి పేరులా వినిపిస్తుంది. పిల్లను అందులోకి తోసి, గొళ్ళెం పెట్టి, ఏడ్చి ఏడ్చి ఊరుకునేదాకా వదిలేయడాన్ని క్రేట్ ట్రైనింగ్ అంటున్నారు. అది ట్రైనింగ్ కానే కాదని నేనంటాను.

మా పక్కింటి మేడమీద అద్దెకున్నవాళ్ళు ఇద్దరూ బెంగళూరుకు ఉద్యోగానికి పోతారు. పొద్దున ఏడింటికి పోతే రాత్రి ఏడు దాటాకే రావడం. చెడ్డవాళ్ళేమీ కారు, కుక్కపిల్లంటే ప్రాణం కూడా. ఆదివారం దాన్ని ఒళ్ళో పెట్టుకుని దువ్వుతారు. రెండున్నర నెలల ల్యాబ్రడార్ పిల్ల అది. మిగిలిన రోజులు బాల్కనీలో రేకుల కింద బోనులో ఉంటుంది. నేను చదువుకునే కిటికీకి ఆ కమ్మీలు కొరికే చప్పుడు వినిపిస్తుంది. ఆ అక్కను అడిగితే, "నీకు తెలీదులేమ్మా, నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత అదే అలవాటవుతుంది" అంది. మూడు వారాలైంది.

ఈ 'అలవాటవుతుంది' అనే మాటతోనే నా తగాదా.

ఆ వయసు పిల్ల మూత్రం ఆపుకోగలిగేది మహా అంటే రెండు మూడు గంటలు. పన్నెండు గంటలు మూసిపెడితే ఏం చేస్తుంది? పడుకున్న చోటే పోస్తుంది, అందులోనే పడుకుంటుంది. కుక్క తాను పడుకునే చోటును పాడుచేసుకోదు, ఆ స్వభావాన్ని నమ్ముకునే ఈ క్రేటు పద్ధతి పుట్టింది. ఆ స్వభావాన్నే మనం చేతులారా చెడగొట్టి, తర్వాత 'దీనికి శుభ్రత రాలేదు' అని దాన్నే తిడతాం. ఇక ఎండాకాలం సంగతి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చి వేడి పోగొట్టుకోవాలి. రేకుల కింద నీడలోకి జరుగుదామంటే జరిగే చోటేదీ?

"చివరికి ఊరుకుంది కదా" అంటారు. అరిచి అరిచి ఓపిక లేక ఊరుకోవడం వేరు, భయం పోయి ఊరుకోవడం వేరు. వినడానికి రెండూ ఒకటే, చూస్తే తెలుస్తుంది. భయపడిన పిల్ల వగరుస్తుంది, చొంగ కారుస్తుంది, కమ్మీలకు ముక్కు రుద్దుకుని పుండు చేసుకుంటుంది, పళ్ళు విరగ్గొట్టుకునేవీ ఉంటాయి. నెమ్మదించిన పిల్ల ఒళ్ళు వదిలేసి పక్కకు ఒరిగి నిద్రపోతుంది. నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే సాయంత్రానికి నేనూ ఊరుకుంటాను. అంతమాత్రాన నాకు పదిహేడో ఎక్కం వచ్చినట్టా?

కుక్క గుహలో ఉండే జంతువు, బోను దానికి గుహలాంటిదని ఇంకొందరి వాదన. పోయిన చలికాలం మా వీధి చివర ఇసుక కుప్పలో గుంట తవ్వుకుని ఒక వీధికుక్క ఈనింది. ఆ గుంటకు తలుపు లేదు. నెల తిరిగేసరికి పిల్లలు బయటికొచ్చి వీధంతా తిరిగాయి, చీకటి పడితే వాటంతటవే లోపలికి దూరాయి. గుహకూ బోనుకూ తేడా గొళ్ళెంలోనే ఉంది.

మా అవ్వ కూడా మొదట వాళ్ళ పక్షమే. "మొక్కై వంగనిది మానై వంగునా" అంది. "మొక్కనైనా రోజుకింత వంచాలి గానీ ఒక్కరోజే వంచితే విరుగుతుంది కదవ్వా" అన్నాను. అవ్వ ఏమీ అనలేదు, ఆకూవక్కా నములుతూ లోపలికి పోయింది.

బోనే వద్దని నేననడం లేదు. రైల్లో తీసుకుపోవాలన్నా, ఆపరేషన్ అయ్యాక కదలకుండా ఉంచాలన్నా కుక్కకు ఆ అలవాటు పనికొస్తుంది. కానీ అలవాటు చేసే తీరు ఒకటుంది. మొదట తలుపు తెరిచి కట్టేయాలి, మూసుకోకూడదు. లోపల పాత చీర పరిచి, అన్నం గిన్నెను వాకిట్లో పెట్టి, రోజుకింత లోపలికి జరపాలి. పిల్ల తనంతట తాను పోయి తినాలి. తింటున్నప్పుడు ఒక్క నిమిషం తలుపు దగ్గరికేసి, తినడం అయ్యేలోపే తీసేయాలి. తర్వాత మనం పక్కనే కూర్చుని రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. ఆ తర్వాతే పక్కగదిలోకి పోవడం. దీనికి వారాలు పడుతుంది. లోపల అది నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటుండాలి. తప్పు చేసిందని అందులో వేయడం మాత్రం అస్సలు పనికిరాదు.

"ఏడ్చినప్పుడల్లా తలుపు తీస్తే ఏడ్చి సాధించడం నేర్చుకుంటుంది" అనే మాట ఒక్కటే కాస్త ఆలోచించదగ్గది. నిజమే, అట్లా నేర్చుకునే పిల్లలుంటాయి. కానీ ఏడుపుదాకా వచ్చిందంటే మనం తొందరపడ్డామని అర్థం. ఐదు నిమిషాలకు ఏడిస్తే మరుసటిసారి మూడు నిమిషాలకే, అది ఏడవకముందే, తీయాలి. కమ్మీలు కొరుకుతూ వణికే పిల్లతో పంతమేమిటి? వెంటనే తీయాలి.

కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. ప్రాణుల మీద దయ చూపడం ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణంలో ఉంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాం, బాల్కనీ దాకా తీసుకురాం.

పగలంతా ఇల్లు తాళం వేసుకుని పోయేవాళ్ళకు ఏ పద్ధతీ పనిచేయదు. మధ్యలో రెండు మూడుసార్లు వచ్చి తలుపు తీసే మనిషి కావాలి, లేకుంటే కాస్త ఎదిగిన కుక్కను తెచ్చుకుని ఒక గది వదిలేయాలి. అదీ కుదరకపోతే ఇప్పటికి కుక్క వద్దనుకోవాలి. పిల్లను అమ్మేవాళ్ళు బోనునూ పట్టీనీ కలిపి అంటగడుతున్నారే గానీ, "మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు?" అని ఒక్కరూ అడగరు. అడిగితే బేరం చెడుతుంది మరి.