ట్రాక్ ఒకరిది, సైకిల్ మరొకరిది

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. వెడల్పు నాలుగున్నర మీటర్లు. నెత్తిన సౌర ఫలకాల కప్పు, దాని నుంచి 16 మెగావాట్ల విద్యుత్తు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో పాయ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆదివారం తెల్లవారుజామున గేర్ల సైకిళ్లను కారు వెనక కట్టుకొని వచ్చేవాళ్లూ ఉంటారు. సైకిల్ తొక్కడానికి కారులో రావడమన్నమాట!

అదే నగరంలో సైకిల్ లేకపోతే పూట గడవని వాళ్ల దారి వేరు. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకున్న మేస్త్రీ, క్యారియర్ మీద పేపర్ల కట్టలు వేసుకున్న కుర్రాడు రోడ్డు ఎడమ అంచున, సిటీ బస్సుకూ డ్రైనేజీ మూతకూ మధ్య దొరికిన జానెడు సందులో వెళ్తుంటారు. వెనక హారన్ మోగితే దిగి, నెట్టుకుంటూ పోవడమే.

వీళ్లు ఏ కొద్దిమందో అనుకుంటే పొరపాటు. 2011 జనగణన ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో దాదాపు 4.5 కోట్ల మంది నడిచి, 2.6 కోట్ల మంది సైకిల్ మీద వెళ్తున్నారు. కార్లు, జీపుల్లో వెళ్లేవారు అందులో పదో వంతు కూడా లేరు. ఆ తర్వాత బైకులు పెరిగి లెక్క కొంత మారి ఉండొచ్చు. అయినా నడవండి, సైకిల్ తొక్కండి అని ఊదరగొట్టే ప్రచారాలు కారున్నవాణ్ని బతిమాలడంతోనే సరిపెడుతున్నాయి. ఎప్పటినుంచో నడుస్తున్నవాడు ప్రాణాలతో ఇల్లు చేరే సంగతి ముందు చూడాలి కదా.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. దాదాపు అయిదుగురిలో ఒకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మన బజారులో చూడండి. మోకాలెత్తు గట్టు, పది అడుగులకో షాపు ర్యాంపు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని దాటితే వరసగా బైకులు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఎక్కడం దిగడం ఎందుకని రోడ్డు మీదే నడుస్తుంది. ఆక్రమణలు తీసేయడానికి అధికారులు స్పెషల్ డ్రైవ్ పెట్టినప్పుడల్లా ముందు కదిలేది తోపుడుబండి. ట్రాన్స్‌ఫార్మర్ కదలదు, షాపు ర్యాంపు అసలే కదలదు. పాదచారులకు ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కేసు వేసినది కోయంబత్తూరుకు చెందిన ఎముకల డాక్టర్ కావడం గమనార్హం.

మహిళల ఉచిత బస్సు పథకాలు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలయ్యాయి. బస్సులు కిటకిటలాడుతున్నాయి. ఆ ప్రయాణం ఇంటి నుంచి స్టాపు దాకా నడకతో మొదలై నడకతోనే ముగుస్తుంది. జీరో టికెట్ ఇచ్చిన ప్రభుత్వాలే స్టాపు దాకా వెలుతురున్న దారి కూడా వేస్తే పథకం పూర్తయినట్టు.

సైకిల్ ఏం చేయగలదో బిహార్ చూపించింది. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. హైస్కూళ్లలో బాలికల చేరిక 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అధ్యయనంలో తేలింది. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలోనే ఈ ఫలితం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు బాలికలకు సైకిళ్లు పంచారు.

మన ఎండల్లో ఎవరు తొక్కుతారన్నది అందరూ అడిగే ప్రశ్న. స్పెయిన్‌లోని సెవిల్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ నగరం 2006 తర్వాత రెండేళ్లు తిరక్కుండా దాదాపు 80 కిలోమీటర్ల సైకిల్ దారులు ఒక్కసారే వేసింది. ఒక్కోచోట ఒక్కో ముక్క కాదు, ఇల్లూ బడీ బజారూ ఒకదానితో ఒకటి కలిసేలా, కార్లు చొరబడకుండా గట్టు కట్టి. జాగా కోసం కార్ల పార్కింగ్ తీసేసింది. కొన్నేళ్లలోనే సైకిల్ ప్రయాణాలు పదిరెట్లు దాటాయి. నీడ ఉంటే మంచిదే, కానీ సెవిల్‌లో జనాన్ని సైకిలెక్కించింది నీడ కాదు, తెగని దారి.

ఔటర్ ట్రాక్ ఒక కొస కొల్లూరు. పేదల కోసం ప్రభుత్వం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టినదీ కొల్లూరులోనే. నగరం నడిబొడ్డు నుంచి అక్కడికి మారినవాళ్లలో పనికోసం రోజూ ఆఫీసుల వైపు, అపార్టుమెంట్ల వైపు వెళ్లేవాళ్లున్నారు. సైకిల్ దారికి మళ్లీ డబ్బు కేటాయించే రోజు వస్తే, మొదటి రూపాయి ఆ కాలనీ గేటు దగ్గర ఖర్చుపెట్టాలి.