అమ్మ సంతకం పెట్టిన కాగితం

రెండేళ్ళ కిందట మా ఇంట్లో స్థలం కొనాలనుకున్నారు. బైపాసు పక్కన కొత్తగా వేసిన పెద్ద లేఔటు. ధర 9 లక్షలు. అమ్మ పేరు మీదే కొనాలని నాయన పట్టు. బ్రోకరు స్టాంపు పేపరు మీద అరవంలో టైపు కొట్టించి రెండు పేజీల అగ్రిమెంటు తెచ్చాడు. "మామూలు ఫారమే అక్కా, అందరూ ఇదే రాసుకుంటారు" అన్నాడు. అమ్మ సంతకం పెట్టింది. నాయన 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చాడు.

నేను ఆ కాగితం చదివింది డబ్బు చేతులు మారాక. మూడు నెలల్లో మేము మిగతా డబ్బు కట్టి రిజిస్టరు చేసుకోకపోతే అడ్వాన్సు పోయినట్టే అని ఉంది. వాళ్ళు మాట తప్పితే ఏమిటన్నది ఒక్క ముక్క లేదు. బ్యాంకు లోను నాలుగో నెలలో వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడితే ఒక లక్ష తిరిగొచ్చింది. ఇంకో లక్ష రాలేదు. ఆ లక్ష మా అవ్వ గొలుసు కుదువ పెట్టి తెచ్చింది.

నాకు కోపం ఆ "మామూలు ఫారం" అన్న మాట మీద. 2016లో కేంద్రం రియల్ ఎస్టేట్ చట్టం చేసింది. దాన్నే అందరూ రెరా అంటారు. తమిళనాడులో దానికి నిబంధనలు 2017లో వచ్చాయి. 500 చదరపు మీటర్లు దాటిన లేఔటును నమోదు చేయకుండా అమ్మకూడదు. ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయాలి. ఆ అగ్రిమెంటు ఎలా ఉండాలో నమూనా కూడా నిబంధనల్లోనే ఉంటుంది. ఆలస్యానికి మనం ఎంత వడ్డీ కట్టాలో, వాళ్ళు ఆలస్యం చేస్తే వాళ్ళూ అంతే రేటు కట్టాలి. ఏజెంటు కూడా నమోదు చేసుకుని, తాను చేయించే ప్రతి అమ్మకంలో తన నంబరు వేయాలి. ఒక బిల్డరు రాయించుకున్న ఇలాంటి ఒంటివైపు షరతులు అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇప్పుడు మా లెక్క చూడండి. 9 లక్షలకు 10 శాతం అంటే 90 వేలు. మా దగ్గర తీసుకున్నది 2 లక్షలు. అగ్రిమెంటు రిజిస్టరు కాలేదు. ఏజెంటు నంబరు ఎక్కడా లేదు. చట్టంలో ఫారం మారి ఏళ్ళయింది, మా చేతికి వచ్చింది మాత్రం పాతదే.

"చదవకుండా సంతకం పెట్టడం మీ తప్పే కదా" అని ఒక స్నేహితురాలు అంది. కొంత నిజమే. కానీ మన ఇళ్ళు ఎలాంటివో మనకు తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, దస్తావేజులో ఈ రెండూ కాని ఒక భాష. బస్సు బోర్డు చదవగలిగిన నాయన ఆ కాగితం చదవలేడు. దస్తావేజు అరవంలో ఉండటం తప్పని నేననను. జిల్లాలో వాడుక భాష అదే. కానీ సంతకం పెట్టేవాళ్ళకు అందులో ఏముందో వాళ్ళ మాటల్లో ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ పని బ్రోకరుకు వదిలేశాం, అదీ మా తప్పు.

బ్రోకర్లందరూ మోసగాళ్ళని కాదు. నిజాయితీగా తిరిగి స్థలం చూపించినవాళ్ళకు కమిషను ఎగ్గొట్టేవాళ్ళూ మన ఊళ్ళలోనే ఉన్నారు. అమెరికాలో 2024 ఆగస్టు 17 నుంచి, ఏజెంట్ల సంఘం కోర్టు కేసులో రాజీపడి, ఒక పద్ధతి తెచ్చింది. కొనేవాళ్ళకు ఇల్లు చూపించే ముందే రాతలో ఒప్పందం ఉండాలి. ఏజెంటుకు ఎంత ముడుతుందో అందులో రాయాలి. ఇక్కడ ఆ సంగతి ఇప్పటికీ నోటిమాటే. రాసుకుంటే ఇద్దరికీ మంచిది.

ఇది మనకెందుకు అనుకోకండి. 2025 ఏప్రిల్ 1 నుంచి తమిళనాడులో 10 లక్షల లోపు ఆస్తి ఆడవాళ్ళ పేరున రిజిస్టరు చేస్తే రుసుములో 1 శాతం తగ్గింపు ఉంది. మంచిదే. ఇక మీదట ఇలాంటి కాగితాల మీద ఎక్కువగా మన అమ్మల, మన సంతకాలే పడతాయి. పేరు మనది, చదవడం వేరేవాళ్ళది అయితే ఆ ఆస్తి మనదెలా అవుతుంది?

అందుకే మన శాఖకు నాదొక విన్నపం. రెరా నమూనా అగ్రిమెంటును ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మనమే రాద్దాం. రిజిస్టరు చేయడానికి కాదు, చదివి వినిపించడానికి. తెలుగు అక్షరాలు రాని ఇల్లయినా తెలుగు చెవులున్న ఇల్లే కదా. పక్కనే అడగాల్సిన ప్రశ్నలు ఐదు పెడదాం: లేఔటు నమోదు నంబరు ఏది? ఏజెంటు నంబరు ఏది? అడ్వాన్సు 10 శాతం దాటిందా? వాళ్ళు మాట తప్పితే ఏమిస్తారు? కమిషను ఎంత, ఎవరు ఇస్తారు? మేడంలు భాష దిద్దాలి, తెలిసిన వకీలు ఒకరు విషయం సరిచూడాలి.

మొన్న సెలవుల్లో అమ్మ ఆ పాత కాగితం తీసి, "ఇప్పుడు చదువు, వింటాను" అంది. చదివాను. మొదటి పేజీ దాటకముందే ఆపమంది.

— రెండో సంవత్సరం విద్యార్థిని